అరగంట పని అని రాసి ఉంటుంది

"అరగంట పని. ఫీజు 400 రూపాయలు. ఇద్దరి భోజనానికి 600 దాకా తిరిగి ఇస్తాం."

మిస్టరీ షాపింగ్‌లో నాకు దొరికిన మొదటి పని గురించి మెయిల్‌లో ఉన్నది ఇంతే. చదవగానే సంబరపడ్డాను. పిల్లలు బడికి వెళ్ళాక చేసుకోదగ్గ పని, పైగా భోజనం. మా చెల్లెలికి ఫోన్ చేసి గురువారం మధ్యాహ్నం ఖాళీ చేసుకోమన్నాను. ఆ తర్వాత "మీ రిపోర్టు ఆమోదించాం" అన్న జవాబు వచ్చేసరికి ఆ పనికి నేను పెట్టిన సమయం ఏడు గంటలు.

ఆ అరగంట ఏడు గంటలు ఎలా అవుతుందో ఈ అధ్యాయంలో చెబుతాను. ఈ పని మానుకోమని చెప్పడానికి కాదు. నేను నాలుగేళ్ళుగా చేస్తున్నాను, ఇప్పటికీ ఇష్టంగానే చేస్తున్నాను. అయితే ఎంత పనో తెలిసి ఒప్పుకున్నవాళ్ళే దీన్ని బాగా చేస్తారు. తెలియక దిగినవాళ్ళకు మూడో పనికే విసుగొస్తుంది. విసుగుతో రాసిన రిపోర్టు వల్ల నష్టం వాళ్ళకే అయితే ఫరవాలేదు. అవతల ఇంకో మనిషి ఉంటాడు. ఆయన సంగతి చివర్లో చెబుతాను.

కొత్తవారి కోసం రెండు మాటలు. హోటళ్ళు, బట్టల షాపులు, బ్యాంకులు, కార్ల షోరూములు, పెట్రోల్ బంకులు తమ బ్రాంచీల్లో కస్టమర్లను ఎలా చూసుకుంటున్నారో తెలుసుకోవడానికి బయటి మనిషిని మామూలు కస్టమర్‌లాగే పంపుతాయి. ఆ మనిషిని వెతికి, పని అప్పజెప్పి, రిపోర్టు తీసుకునేది మధ్యలో ఉండే ఏజెన్సీ. మొదట్లో అమెరికాలో ఈ పని చేయించింది పనివాళ్ళు గల్లాపెట్టెలో చెయ్యి పెడుతున్నారేమో కనిపెట్టడానికి. 1940లలో విల్‌మార్క్ అనే సంస్థ 'మిస్టరీ షాపింగ్' అన్న పేరు తెచ్చిందంటారు. 1998లో అక్కడి ఏజెన్సీలు కొన్ని కలిసి ఎంఎస్‌పీఏ అనే సంఘం పెట్టుకున్నాయి. చరిత్ర ఇంత చాలు, ఆ గురువారానికి వద్దాం.

మాది ఎల్బీ నగర్. హోటలేమో కూకట్‌పల్లిలో. పని ఒప్పుకున్నాక గైడ్‌లైన్స్ పంపారు, 14 పేజీలు. ఒంటిగంట నుంచి మూడింటి లోపే వెళ్ళాలి. ఒక స్టార్టరు, ఒక బిర్యానీ, ఒక స్వీటు తప్పకుండా చెప్పాలి. బిర్యానీ గురించి సర్వరును ఒక ప్రశ్న అడగాలి. తలుపు తీసినప్పటి నుంచి ఎవరైనా పలకరించేదాకా ఎన్ని సెకన్లు పట్టింది, ఆర్డరు ఇచ్చాక స్టార్టరు ఎన్ని నిమిషాలకు వచ్చింది, బిల్లు అడిగాక ఎంతసేపటికి తెచ్చారు, అన్నీ రాయాలి. వాష్‌రూమ్‌లో సబ్బు ఉందా, నేల తడిగా ఉందా చూడాలి. మేనేజరు టేబుళ్ళ దగ్గరికి వచ్చి అడుగుతున్నాడా గమనించాలి. సర్వరు బ్యాడ్జీ మీద పేరు చదవాలి, బ్యాడ్జీ లేకపోతే మనిషి ఎలా ఉన్నాడో గుర్తుపెట్టుకోవాలి. ఇదంతా చదివాక పది ప్రశ్నల పరీక్ష. ఎనిమిది సరిగ్గా రాస్తేనే పని మనకు ఖాయం. నాకు మొదటిసారి ఆరే వచ్చాయి. మళ్ళీ చదివి రాశాను.

హోటల్లో కూర్చున్నాక అర్థమైంది, అది భోజనానికి వెళ్ళడం కాదని. ఒక చెవి సర్వరు మాట మీద, ఒక కన్ను తలుపు మీద, మనసంతా గడియారం మీద. కాగితం తియ్యకూడదు, చూస్తే పట్టేస్తారు. ఫోన్‌లో టైపు చేస్తూ కూర్చున్నాను. మా చెల్లెలు రెండుసార్లు చూసి ఊరుకుంది. మూడోసారి "అక్కా, ఆ ఫోన్ పక్కన పెట్టవే, బిర్యానీ చల్లారిపోతోంది" అంది. నిజమే, చల్లారిపోయింది. బిర్యానీ వేడిగా వచ్చిందా అన్నది రిపోర్టులో 31వ ప్రశ్న. వచ్చిన వెంటనే ముట్టుకుని చూడకపోతే దానికి జవాబు రాయలేను. అదృష్టం కొద్దీ మా చెల్లెలు అప్పటికే తినడం మొదలుపెట్టింది, వేడిగానే వచ్చిందని చెప్పింది.

ఆ రోజు నేర్చుకుని ఇప్పటికీ వాడుతున్న పద్ధతి ఒకటి చెబుతాను. సమయాలు విడిగా రాసుకోవద్దు. ఇంట్లో వాళ్ళకో, మీకు మీరేనో వాట్సాప్‌లో చిన్న చిన్న మెసేజ్‌లు పెట్టండి. లోపలికి వెళ్ళగానే "వచ్చాను". ఆర్డరు ఇచ్చాక "ఆకలి". స్టార్టరు వచ్చాక "సరే". బిల్లు అడిగినప్పుడు "బయల్దేరుతున్నా". ప్రతి మెసేజ్ పక్కన సమయం దానంతటదే పడుతుంది. చూసేవాళ్ళకు ఇంట్లో వాళ్ళతో మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. సెకన్ల లెక్క కావాల్సిన చోట మాత్రం గుమ్మం దాటకముందే ఫోన్‌లో స్టాప్‌వాచ్ మొదలుపెట్టి సంచిలో వేసుకుంటాను. బయటికి రాగానే, ఆటో ఎక్కకముందే, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పది నిమిషాలు రికార్డు చేస్తాను. ఏ రంగు చొక్కా, ఎంత పొడుగు, ఏమన్నాడు, ఎటు చూశాడు. ఇంటికి వెళ్ళి గుర్తుచేసుకుందాం అనుకుంటే మెట్రోలో సీటు దొరికేసరికే సగం పోతుంది.

ఇక అసలు పని. ఈ పనిలో డబ్బు ఇచ్చేది వెళ్ళినందుకు కాదు, రాసినందుకు. వెళ్ళడానికి అరగంట అని మెయిల్‌లో రాసినవాళ్ళు రాయడానికి ఎంతసేపో రాయరు. నా మొదటి రిపోర్టులో 62 ప్రశ్నలు. చాలావాటికి అవును, కాదు అంటే సరిపోతుంది. కానీ ప్రతి 'కాదు'కూ ఏం జరిగిందో రెండు మూడు వాక్యాలు రాయాలి. చివర్లో మొత్తం సందర్శన గురించి ఒక పేజీ. 24 గంటల్లో పంపాలి. కొన్ని ఏజెన్సీలకు 12 గంటలే గడువు. రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని, పన్నెండు దాటాక లేచాను.

రాయడంలో రెండు కష్టాలున్నాయి. ఒకటి, మనకు అనిపించినదాన్ని చూసినదానిలోకి మార్చడం. "సర్వరు విసుగ్గా ఉన్నాడు" అని రాశాను. ఏజెన్సీ ఎడిటరు వెనక్కి పంపారు, విసుగు అని ఎలా తెలిసింది అని. కళ్ళు మూసుకుని ఆలోచిస్తే గుర్తొచ్చింది. ఆర్డరు రాసుకుంటూ మా వైపు చూడలేదు, రెండుసార్లు వంటగది వైపు తిరిగాడు, నేను అడిగినదానికి సగంలో 'ఆఁ, ఉంది' అన్నాడు. అలా రాశాక నాకే తోచింది, అది విసుగు కాకపోవచ్చు, లోపల నుంచి ఎవరో పిలుస్తూ ఉండవచ్చు. చూసింది రాస్తే తేల్చుకునే పని చదివేవాళ్ళది. అనిపించింది రాస్తే తీర్పు మనమే చెప్పేసినట్టు.

రెండోది భాష. మన దగ్గర జరిగే సంభాషణ తెలుగులో, ఎక్కువ రిపోర్టులు ఇంగ్లీషులో. స్వీట్లలో ఏముందని అడిగితే సర్వరు "కనుక్కుని చెప్తానమ్మా" అన్నాడు. ఇంగ్లీషులో పెడితే ఆ 'అమ్మా' పోతుంది. పోతే ఆయన తెలియదని తప్పించుకున్నట్టు ఉంటుంది. విన్నప్పుడు మాత్రం ఎంతో మర్యాదగా ఉంది ఆ మాట. దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, మా వైపు ఇలా పలకడం గౌరవమని పక్కన ఒక వాక్యం చేర్చాను. ఆ ఒక్క వాక్యానికి పావుగంట పట్టింది. ఇంగ్లీషులో చకచకా రాయడం రాని వాళ్ళు తమ రిపోర్టు సమయానికి ముందే ఒక గంట కలుపుకోవాలి. ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు, లెక్క సరిగ్గా ఉండాలంతే.

ఆ గురువారం లెక్క ఇప్పుడు చూడండి. పని వెతుక్కుని ఒప్పుకోవడానికి 10 నిమిషాలు. గైడ్‌లైన్స్ చదవడానికి 30, పరీక్ష రెండుసార్లు రాయడానికి 15. ఇంటి నుంచి మెట్రో స్టేషనుకు, అక్కడి నుంచి కూకట్‌పల్లికి, దిగాక హోటలుకు, మళ్ళీ వెనక్కి, మొత్తం 140. హోటల్లో 65. బయట నిలబడి రికార్డు చేసుకోవడానికి 10. రిపోర్టుకు 110. బిల్లు ఫోటో, హోటల్ బోర్డు ఫోటో ఎక్కించడానికి 15. మర్నాడు ఎడిటరు అడిగిన మూడు ప్రశ్నలకు జవాబులు రాయడానికి 25. కలిపితే 420 నిమిషాలు, ఏడు గంటలు. డబ్బు వైపు చూస్తే ఫీజు 400. మెట్రోకూ ఆటోకూ నాకు 140 అయింది. బిల్లు 742 వచ్చింది, వాళ్ళిచ్చేది 600, మిగతా 142 నావి. చేతికి మిగిలింది 118 రూపాయలు, గంటకు 17.

ఇక్కడ చాలామంది "భోజనం చేశారుగా" అంటారు. భోజనాన్ని సంపాదనలో కలపాలా వద్దా అన్నదానికి నేను పెట్టుకున్న నియమం ఇది: ఆ పని లేకపోయినా నేను ఆ రోజు ఆ హోటలుకు వెళ్ళి ఆ డబ్బు పెట్టేదాన్నా? పెట్టేదాన్నైతే కలుపుతాను. లేకపోతే కలపను. ఆ గురువారం ఇంట్లో పప్పు, వంకాయ కూర ఉన్నాయి.

అందుకే కొత్తవాళ్ళకు నేను మొదట చెప్పేది, ఒక నోటుబుక్కు కొనుక్కోమని. మొదటి ఐదు పనులకు ప్రతి నిమిషం రాయండి. మెయిల్ తెరిచినప్పటి నుంచి ఆమోదం వచ్చేదాకా. అడిగినా దక్కని పనుల కోసం వెచ్చించిన సమయం కూడా రాయండి, ఎందుకంటే పది అడిగితే నాకు నాలుగు దొరికేవి. ఐదు పనులయ్యాక ఆ పేజీలు చూసుకుంటే మీకు ఏది గిట్టుబాటో ఎవరూ చెప్పక్కర్లేదు. నా నోటుబుక్కులో తేలింది ఏమిటంటే, నన్ను తినేస్తున్నది ప్రయాణం. మా ఇంటికి పది నిమిషాల నడకలో ఉన్న బ్యాంకుకు వెళ్ళి ఫిక్స్‌డ్ డిపాజిట్ గురించి అడిగే పని ఒకటి చేశాను. ఫీజు 350. చదవడానికి 25 నిమిషాలు, నడక 20, లోపల 40, రాయడానికి 50. రెండుంబావు గంటలు, గంటకు 156 రూపాయలు. భోజనం లేదు, సంబరం లేదు, కానీ అది మంచి పని. అప్పటి నుంచి ఇంటి చుట్టుపక్కలవీ, ఎలాగూ వెళ్ళే దారిలో ఉన్నవీ మాత్రమే ఒప్పుకుంటున్నాను. ఒకసారి వెళ్ళిన చోటికి రెండు మూడు నెలల దాకా మళ్ళీ పంపరు కాబట్టి దగ్గరివి తొందరగా అయిపోతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. అలా ఏరుకుంటే నాకు నెలకు రెండు మూడు పనులు మించవు. దీన్ని ఉద్యోగంగా లెక్కలోకి తీసుకోవద్దు.

ఇంకో సంగతి, చేతిలోంచి వెళ్ళే డబ్బు. మొదట మన జేబులోంచే పెట్టాలి. నాకు ఫీజూ, ఖర్చులూ వచ్చేవి 45 నుంచి 60 రోజులకు. నెలకు ఐదు హోటళ్ళు, ఒక్కోదానికి 600 అనుకుంటే, రెండు నెలల్లో ఆరు వేలు ఎప్పుడూ బయటే తిరుగుతుంటాయి. ఇంటి ఖర్చుకు ఉంచుకున్నది దీనికి పెట్టకండి. బిల్లు ఫోటోలో తారీఖు, సమయం, ఐటెమ్‌లు, మొత్తం అన్నీ కనబడాలి. ఒకసారి బిల్లు కింది అంచు మడత పడి సమయం కనిపించలేదు, పనే రద్దు చేశారు. 580 రూపాయలు పోయాయి. ఇప్పుడు బిల్లు చేతికి రాగానే టేబుల్ మీదే పరిచి ఫోటో తీసుకుంటాను.

మోసాల గురించి కొద్దిగానే చెబుతాను, ఎందుకంటే గుర్తుపట్టడం కష్టం కాదు. నిజమైన ఏజెన్సీ రిజిస్ట్రేషన్ ఫీజు అడగదు, డిపాజిట్ కట్టమనదు. టెలిగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో వచ్చి, హోటళ్ళకు రేటింగ్ ఇవ్వండి, ఐదు నిమిషాలు చాలు అని మొదట ఒకటి రెండు వందలు వేసి, తర్వాత మీ చేత వేలు కట్టించుకునే వాళ్ళది ఈ పని కాదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైన కొద్దీ వెనక్కి రావడం కష్టం. నా అనుభవంలో 14 పేజీల గైడ్‌లైన్స్ పంపి పరీక్ష పెట్టేవాళ్ళు నిజమైనవాళ్ళు. పనేమీ లేదని చెప్పేవాళ్ళను నమ్మకండి.

ఈ పనికి సమయం ఎందుకు పెట్టాలో ఇదే పద్ధతి వాడిన పరిశోధకులను చూస్తే తెలుస్తుంది. మన దేశంలో వైద్యం ఎలా జరుగుతోందో తెలుసుకోవడానికి జిష్ణు దాస్, ఆయన తోటి పరిశోధకులు మధ్యప్రదేశ్ పల్లెల్లోనూ ఢిల్లీలోనూ మామూలు మనుషులను రోగుల్లా పంపించారు. ఆ ఫలితాలు 2012లో వచ్చాయి. ఆ రోగులంతా స్థానికులే. ఒక జబ్బు లక్షణాలను ప్రతి డాక్టరు దగ్గరా ఒకేలా చెప్పేలా వాళ్ళకు శిక్షణ ఇచ్చాకే పంపారు. ఎందుకంటే వాళ్ళ నోట వచ్చే ఒక్కో మాట మీద ఒక డాక్టరు గురించి నిర్ణయం ఆధారపడి ఉంటుంది. మనకు ఎవరూ శిక్షణ ఇవ్వరు. ఆ 14 పేజీలే మన శిక్షణ. వాటిని సరిగ్గా చదవకుండా వెళితే ఏమవుతుందో నాకు ఒక పెట్రోల్ బంకు దగ్గర తెలిసింది.

రెండో ఏడాది. ప్రయాణం కలిసొస్తుందని ఒకే మధ్యాహ్నం మూడు పనులు పెట్టుకున్నాను, ఒక బట్టల షాపు, ఒక మొబైల్ షోరూము, చివర్లో బంకు. బంకు గైడ్‌లైన్స్ ముందు రోజు చదవాల్సింది, బద్ధకించి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఫోన్‌లో చూశాను. స్కూటీలో 200 రూపాయలకు పెట్రోలు పోయించుకోవాలి. కుర్రాడు మొత్తం తిరిగి చెప్పాడా, నింపే ముందు మీటరు మీద సున్నా చూపించాడా, బిల్లు అడక్కుండానే ఇచ్చాడా చూడాలి. గాలి, తాగే నీళ్ళు, టాయిలెట్ సంగతి చూడాలి. పెట్రోలులో కల్తీ ఉందేమో చూసే ఫిల్టర్ పేపర్ పరీక్ష చేస్తారా అని అడగాలి. కస్టమర్లు ఎవరైనా అడగొచ్చు అది, చాలామందికి తెలియదు. నేను వెళ్ళిన బంకులో లైను పెద్దగా ఉంది. వెనక ఒక ఆటో హారన్ కొడుతోంది. నేను సీటు ఎత్తి, మూత తీసి, పర్సులో చిల్లర వెతుకుతున్నాను. కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో, మోచేతి దాకా చొక్కా మడిచి, ఎండకు కందిపోయి ఉన్నాడు.

రాత్రి రిపోర్టులో తొమ్మిదో ప్రశ్న: మీటరు సున్నా చూపించారా? నాకు గుర్తు లేదు. 'కాదు' అని పెట్టాను. 'కాదు'కు వివరణ రాయాలి కాబట్టి, పెట్రోలు నింపే ముందు మీటరు చూడమని అతను చెప్పలేదు అని రాశాను. తొమ్మిదిన్నరకు పంపేశాను. పక్క మీద వాలాక గుర్తొచ్చింది, పర్సులో వెతుకుతున్నప్పుడు ఎవరో "జీరో చూసుకోండి మేడమ్" అన్నారు. అతనే అన్నాడా, పక్క మీటరు దగ్గర ఇంకొకరు ఇంకెవరికో చెప్పారా, తేల్చుకోలేకపోయాను. అతని చెయ్యి మీటరు వైపు లేచినట్టు కూడా అనిపించింది. తేదీ, సమయం, మీటరు నంబరు నేనే రాసి పంపాను. ఆ వేళ ఆ మీటరు దగ్గర ఎవరున్నారో బంకు వాళ్ళకు చిటికెలో తెలుస్తుంది. అతన్ని పిలిచి నిలదీస్తే "నేను చెప్పాను" అని అతను ఎంత మొత్తుకున్నా, వాళ్ళ చేతిలో నా కాగితం ఉంటుంది. నేను అతని ఎదురుగా ఉండను.

పొద్దున్నే ఆరింటికి ఏజెన్సీకి మెయిల్ రాశాను. తొమ్మిదో ప్రశ్నకు నా జవాబు నమ్మకంతో రాసింది కాదు, దయచేసి దాన్ని తీసెయ్యండి అని. మధ్యాహ్నం జవాబు వచ్చింది. ఆ ప్రశ్న ముఖ్యమైనది, దానికి స్పష్టమైన జవాబు లేకపోతే సందర్శన చెల్లదు, ఈ పని రద్దు చేస్తున్నాం, వేరేవాళ్ళను పంపిస్తాం.

అప్పటి నుంచి రోజుకు ఒక్కటే పని పెట్టుకుంటున్నాను. గైడ్‌లైన్స్ రెండుసార్లు చదువుతాను, అవి రాగానే ఒకసారి, ముందు రోజు రాత్రి ఒకసారి. మీటరు లాంటి ఒక్క క్షణంలో దాటిపోయే విషయాలు ఏవో ముందే గుర్తుపెట్టుకుని, ఆ క్షణంలో చేతిలో పర్సు లేకుండా చూసుకుంటాను. డబ్బు ముందే లెక్కపెట్టి జేబులో విడిగా ఉంచుకుంటాను. ఇది ప్రతి పనికీ ఇంకో ఇరవై నిమిషాలు కలుపుతుంది.

ఆ బంకు పని నోటుబుక్కులో 37వ పేజీలో ఉంది. సమయం గడిలో మూడు గంటల ఇరవై నిమిషాలు. ఫీజు గడిలో సున్నా.